ఉలి కోసం చాపిన చెయ్యి

యానాం కనకాలపేటలో మా వడ్రంగి మేస్త్రిగారు పనిముట్ల వైపు చూసేవారు కాదు. కళ్ళు చెక్క మీదే ఉండేవి. కుడిచెయ్యి పక్కకి చాపితే ఉలి అందేది. మేమంతా ఆ చేతిని చూసే పని నేర్చుకున్నాం.

ఒకరోజు సరదాకి ఆ ఉలిని జానెడు అవతలికి జరిపాను. ఆయన చెయ్యి బల్లంతా తడుముకుంది. అందరూ నోళ్ళు మూసుకుని నవ్వారు. ఆ నవ్వు కోసం వారం రోజులు అదే పని చేశాను.

"చేతికి మతి పోయిందిరా. ఇంక జనాల గుమ్మాలు పాడుచెయ్యలేను" అని ఆయన పని మానేశారు. నిజం చెబితే మర్నాడే వచ్చేవారు. నేను చెప్పలేదు. ఆయన బల్ల నాకొచ్చింది.

రెండేళ్ళు ఊరికే కూర్చుని, మొన్న పోయారు. యానాంలో వడ్రంగులందరం పని ఆపి వెళ్ళాం.

"పనోరంటే ఆయనేనండి. చెయ్యి తప్పగానే తనంతట తనే మానేశారు" అని ఒకాయన పొగిడాడు.

మేస్త్రిగారి భార్య నావైపు తిరిగారు. "పక్కనే ఉండేవోడివి కదా బాబూ, నిజంగా చెయ్యి తప్పిందా? ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు చూడకుండానే అందుకునేవోరు."

"వయసండి, పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "నువ్వన్నావంటే నిజమే అయ్యుంటది."