మఠంలో ఇంటాయన

నా చిన్నప్పుడు, ఒక వానాకాలంలో పది రోజులు మాకు ఇల్లు లేదు. హుస్సేనీ ఆలంలో మేముండే పాత ఇంటి వెనక గోడ ముసురుకు నాని కూలిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ గోడ మళ్ళీ లేచేదాకా ఆ ఇంట్లో పడుకోవద్దని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. మా బాపు కంచన్‌బాగ్ వైపు ఒక ఆఫీసులో గుమాస్తా. చుట్టాల ఇళ్ళు చూస్తే మా ఇంటికంటే ఇరుకు. అందుకని అమ్మ, బాపు, నేను, రెండు ట్రంకు పెట్టెలతో రెండు గల్లీల అవతల ఉన్న పాత మఠంలో చేరాం.

ఆ మఠానికి రెండు దర్వాజలు. గుడీ, స్వాములుండే భాగమూ పెద్ద దర్వాజ వైపు, బజారు రోడ్డు మీదికి ఉండేవి. మేమున్నది వెనక భాగం. అక్కడ గల్లీలోకి ఒక చిన్న దర్వాజ, అది దాటితే రాతి వాకిలి, చుట్టూ కమాన్ల వరండా, దాని వెంట ఏడు చిన్న అర్రలు. దూరం నుంచి వచ్చే యాత్రికులకూ, దవాఖానా పనుల మీద పట్నం వచ్చే పేదవాళ్ళకూ అవే బస. బోర్డు లేదు. గల్లీలోంచి చూస్తే ఎవరో దొరల పాత దేవిడీ అనుకుంటారు.

ఆ పది రోజులు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. మధ్యాహ్నం పూట పావురాల కువకువలు, ఎక్కడో మిఠాయిల మీద అద్దే వెండి వరఖ్ రేకులు కొట్టే సుత్తుల చప్పుడు, కమానులోంచి మెల్లగా జారే వాన. గోడల డంగు సున్నం చెంపకు ఆనిస్తే చల్లగా తగిలేది. మా అర్ర పైకప్పులో చిన్న వెలుతురు కన్నం ఉండేది. దాని కింద వెల్లకిలా పడుకుంటే నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది.

ఆ అర్రలను చూసుకునే ముసలామెను అందరూ మఠం అవ్వ అనేవారు. వచ్చినవాళ్ళను ఊరూ పేరూ కులమూ అడిగేది కాదు. తిన్నరా అని ఒక్కటే అడిగేది. అక్కడొక ఆనవాయితీ ఉండేది. అందరికంటే చివర వచ్చినవారికి ముందు వడ్డించాలి. వాళ్ళు ఎక్కువ ఆకలితో ఉంటారని అవ్వ లెక్క. మేం చేరిన రోజు మొదటి ముద్ద నా విస్తరిలోనే పడింది.

అంత హాయిగా ఉన్నా నాకు లోపల ఒక భయం. మా బడిలో ఇల్లూ వాకిలీ లేనివాణ్ణి ‘సత్రం భోజనం, మఠం నిద్ర’ అని ఎగతాళి చేసేవారు. ఆ మాట నా మీద పడుతుందని భయపడి, బడి నుంచి వచ్చేటప్పుడు ఎవరూ చూడకుండా చుట్టు తిరిగి వచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం వాన జోరందుకుంది. నేను చిన్న దర్వాజ దగ్గర నిలబడి ఉన్నాను. నా తరగతి పిల్లవాడు, ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్ళబ్బాయి, తల మీద పుస్తకాల సంచి పెట్టుకొని ఉరికొచ్చి మా కమాను కిందికే దూరాడు. దాక్కోవడానికి టైము లేదు.

“ఏంరా, గిది మీ ఇల్లా?” అన్నాడు.

మాదేనన్నాను.

“మస్తు పెద్దగున్నది గదరా! మరి గామె ఎవరు?”

మఠం అవ్వ నాలుగడుగుల దూరంలో చాటలో బియ్యం ఏరుతోంది. “మా పనామె,” అన్నాను.

అవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లేచి, రంజన్ లోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి, “దొరా, దోస్తుకు నీళ్ళు తెచ్చిన,” అని వంగి నా చేతికిచ్చింది. నా దోస్తు కళ్ళు పెద్దవయ్యాయి. నిజం చెప్పాలి, నాకు సిగ్గు వెయ్యలేదు. సంతోషమే వేసింది.

అప్పుడే ఒక ముసలి జంట దర్వాజ లోపలికి వచ్చింది. ఆయన ఒక కంటికి పచ్చగుడ్డ కట్టు, రెండో కంటికి పొర. ఆమె నెత్తిన మూట పెట్టుకొని, ఒక చేత్తో ఆయన్ను పట్టుకొని నడిపిస్తోంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. రెండొద్దులు ఉండనీకి జాగ దొరుకుతుందా అని ఆమె అవ్వను అడిగింది.

అవ్వ నా వైపు చూసింది. “నన్నడుగుతవేంది అక్కా? ఇంటాయన గీయ్ననే. ఈయ్ననే అడుగు.”

ఆ ముసలామె నిజంగానే నా వైపు తిరిగింది. నాకు తొమ్మిదేళ్ళు. పక్కన దోస్తు. నా వెనక వరండాలో రెండు అర్రలు బయట గడియ పెట్టి ఖాళీగా ఉన్నాయి. ఉండమంటే ఇది సత్రమని తెలిసిపోతుంది. అవ్వ ఏదో ఒకటి చెబుతుందని ఎదురుచూశాను. ఆమె చాట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“జాగ లేదు. ఇది మా ఇల్లు,” అన్నాను.

ఆమె బతిమాలలేదు. “మంచిది బిడ్డా,” అని భర్తను మెల్లగా వెనక్కి తిప్పింది. అవ్వ గోనెసంచి ఒకటి తీసుకొని వాళ్ళ తలల మీద పట్టి, మలుపు దాకా దిగబెట్టి వస్తానంటూ వెంట వెళ్ళింది.

వాన కొంచెం తగ్గాక మా వాడూ వెళ్ళిపోయాడు. పొద్దున బడిలో అందరికీ చెబుతానన్నాడు. వాడు మలుపు తిరగగానే ఆ ముసలివాళ్ళ కోసం గల్లీలోకి ఉరికాను. చాయ్ హోటల్ లో చూశాను, మూసిన దుకాణాల అరుగుల మీద చూశాను. వరఖ్ కొట్టే భాయ్ సుత్తి ఆపి, “ఇధర్ సే తో కోయీ నై గయే బేటా,” అన్నాడు, ఇటు ఎవరూ పోలేదని. పచ్చగుడ్డ కట్టు ఎక్కడా కనబడలేదు. ఏడుస్తూ తిరిగి వచ్చాను.

వాళ్ళు వంటింట్లో ఉన్నారు. పొడి బట్టలు కట్టుకొని, గోడకు ఆనుకొని, ఇంకా వడ్డించని విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మలుపు దాకా దిగబెట్టే వంకతో అవ్వ వాళ్ళను చుట్టు తిప్పి పెద్ద దర్వాజలోంచి లోపలికి తెచ్చుకుంది.

అవ్వ నన్ను మఠం వేసుకొని కూర్చోమని వాళ్ళ పక్కన విస్తరి వేసింది. తడిసి అందరికంటే చివర వచ్చినవాణ్ణి నేనే కదా. ఆనవాయితీ తప్పకుండా మొదటి ముద్ద నాకే వడ్డించింది. నేను వెళ్ళగొట్టినవాళ్ళు, నేను తినేదాకా ఆగారు.

అంతలో ఆ ముసలాయన, పిల్లవాడేడీ అని భార్యను అడిగి, చెయ్యి గాలిలో తడుముతూ నా తల మీద పెట్టాడు.

“జాగ లేదన్నవు గని, పెద్ద దర్వాజ నుంచి తోల్కరమ్మని నువ్వే చెప్పినవట గద కొడుకా. అవ్వ చెప్పింది. పది మందికి నీడైతవు.”

నేను అవ్వ వైపు చూశాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. నేను కాదు, నేను పొమ్మన్నాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. తల వంచుకొని ఆ దీవెన పుచ్చుకున్నాను.

తర్వాతి రెండు రోజులూ అవ్వ నన్ను ఇంటాయనా అనే పిలిచింది. వెక్కిరింపు లేదు. ఇంటాయనా, వాళ్ళకు నీళ్ళు కాగినయ్, తీస్కపో అనేది. నేను తీసుకెళ్ళేవాణ్ణి. ముసలాయన్ను చెయ్యి పట్టి నల్లా దాకా నడిపించేవాణ్ణి, వాళ్ళ అర్ర ఊడ్చేవాణ్ణి. మూడో రోజుకు నా అబద్ధం బడిలో బయటపడింది. ఆ సామెత నా మీద పడనే పడింది. నేను భయపడినంత నొప్పి లేదు. కానీ అవ్వకు మాత్రం, నిన్ను పనామె అన్నాను, క్షమించు అని చెప్పలేకపోయాను. మేం వెళ్ళే రోజు చెబుదామని ఆమె పక్కనే నిలబడ్డాను. ఎవరో కొత్తవాళ్ళొచ్చారు. తిన్నరా అంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

ఆ రోజుతో మారిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. పెద్దయ్యాక మాదన్నపేటలో మూడు గదుల ఇల్లు కట్టుకున్నాను. ఒకసారి మా మేనత్త కొడుకు పట్నంలో బస్సు దిగి, భార్యకు ఆపరేషన్ అని, నాలుగు రోజులు ఉంటామని ఫోన్ చేస్తే, ఇల్లు ఇరుకన్నాను. అతనూ బతిమాలలేదు. ఫోన్ పెట్టాక చాలాసేపు నా నడినెత్తి మీద ఒక చెయ్యి ఉన్నట్టే అనిపించింది. అరగంట తర్వాత నేనే ఫోన్ చేసి, తప్పయింది, రండి అన్నాను. అప్పటికే వాళ్ళు లాడ్జిలో దిగారు. వెళ్ళి నేనే సామాను మోసుకొచ్చాను.

ఇప్పటికీ నా నోటికి ముందు వచ్చేది ‘లేదు’ అనే మాటే. వయసుతో అది పోలేదు. ఆ ముసలాయన చెయ్యి బరువు కూడా పోలేదు. అది నాకు రావలసిన దీవెన కాదని నాకు తెలుసు, అవ్వకు తెలుసు. ఆయనకు తెలియదు. ఆయన నన్ను ఎవరనుకున్నాడో, ఆ మనిషిని కావడానికి ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఇంకా కాలేదు.