పార్జెటర్ గారి అందమైన ఊరు

మా నెదర్ టిల్లింగ్‌కి అందం తెచ్చిపెట్టిన మహానుభావుడు క్లెమెంట్ పార్జెటర్ అని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయనింట్లో పదకొండేళ్ళు ఇల్లు తుడిచినదాన్ని, నన్నడగండి. పైన పటారం, లోన లొటారం! తన ఇంటి గడ్డికప్పులో ఎలుకలు కాపురం పెట్టినా పట్టదు గానీ, నా పెరట్లో తీగ మీది లోపావడా మాత్రం వీధి చివర్నుంచే కనపడిపోయేది.

"పోటీ జడ్జీలొచ్చే వారం ఇలాంటివి లోపల ఆరేసుకోవాలమ్మా, నెల్లీ," అనేవాడు.

జిల్లాలో అందమైన ఊరికి ఏటా జూలైలో బహుమతి ఇస్తారు. మాకు వరసగా మూడేళ్ళు రెండో స్థానమే వచ్చింది. పబ్బు ముందు పూలబుట్టలు వేలాడదీయించినా లాభం లేకపోయేసరికి, ఆయన కన్ను బస్టాపు మీద పడింది.

"ఆ రేకుల షెడ్డు ఫోటోలో పుండులా ఉంది. తీసేద్దాం," అన్నాడు ఊరి మీటింగులో.

నేను లేచాను. "అయ్యా, మా ఆయన టౌన్లో వృద్ధాశ్రమంలో ఉన్నాడు. గురువారం బస్సు లేకపోతే ఫ్రాంక్ దగ్గరికి నేనెట్లా పోను?"

"ఈ రోజుల్లో కారు లేనిదెవరికమ్మా?" అన్నాడు.

అందరి చేతులూ లేచాయి. అందులో ఒక్కరూ జన్మలో బస్సెక్కిన పాపాన పోలేదు. షెడ్డుతో పాటు బస్సు బోర్డున్న స్తంభమూ పీకేశారు. స్తంభం లేనిచోట ఆపేది లేదన్నారు బస్సువాళ్ళు. ఆ ఏడు మొదటి బహుమతి వచ్చింది. షెడ్డున్న చోటే రాయి పాతి ఇత్తడి పలక బిగించారు, పార్జెటర్ పేరుతో సహా.

గురువారం గురువారం మైలున్నర గుట్టెక్కి పై ఊళ్ళో బస్సు పట్టుకునేదాన్ని. జనవరిలో మంచు పడి రెండు వారాలు కదల్లేకపోయాను. మూడో గురువారానికి ఫ్రాంక్ లేడు. ఆ పార్జెటర్‌ని నేను క్షమించలేదు, క్షమించను కూడా.

పోయిన నెల పార్జెటర్‌కి చూపు మందగించిందని కారు లైసెన్సు లాగేసుకున్నారు. నిన్న జోరువానలో పలక పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరూ, నెల్లీయేనా? కళ్ళాసుపత్రికి పోవాలమ్మా. బస్సెక్కడ ఆగుతుంది?"

"పై ఊళ్ళోనండీ. మైలున్నర."

"ఈ వానలోనా! కాస్త తెరిపిచ్చేదాకా తల దాచుకోడానికి ఇక్కడేదైనా ఉంటే ఎంత బావుండేది."

నాకు నవ్వు రాలేదు. జాలీ కలగలేదు.

"పలకుందిగా పార్జెటర్ గారూ, చదువుకుంటూ నిలబడండి," అని, నా గొడుగు నేను పట్టుకుని ఇంటికొచ్చేశాను.