తెల్ల ప్లాస్టరు వేసిన నాబు

మా క్వయర్ మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున్న పోర్టుకి వెళ్ళే బస్సులో నిలబడి ఉండగా సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది, 'ప్రభువు నందు నిద్రించారు' అని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే మీరు నన్ను మనిషి కాదంటారు. అయినా చెబుతాను. 'ఇప్పుడైనా నన్ను పెద్ద స్పీకర్లో పాడనిస్తారా?' అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

అనుమానం నాకు ఉద్యోగంతో వచ్చింది. షిప్పింగ్ ఆఫీసులో గుమస్తాని. కాగితం మీద ఒకటి, కంటైనర్లో ఇంకొకటి ఉంటే పట్టుకోవడమే నా పని. ఇంట్లో కూడా పాలవాడి దగ్గర్నుంచి మా ఆయన దాకా అందరినీ అదే కన్నుతో చూస్తాను. మాస్టారిని అయితే ఆరేళ్ళ పాటు చూశాను, పాడుతూ కూడా.

ఆయన స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. గాజువాకలో మా సందు చివర ఉన్న చిన్న చర్చిలో, నేను లంగా ఓణీలు వేసుకునే రోజుల నుంచీ పాటలు నేర్పేవారు. శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసు. అందరికన్నా ముందే వచ్చి, జేబులోంచి పిల్లలు వాడే పెన్సిలు రబ్బరు తీసి, వైర్ల చివర ఉండే పిన్నులన్నీ రుద్దేవారు. ఉప్పుగాలికి పిన్నులు నల్లబడితే స్పీకర్లు గరగరమంటాయి. మైకుని ఊది చూడటం ఆయనకి గిట్టదు. "మైకు మూతి మీద ఊదకండ్రా, అదేటి పాలగ్లాసా?" అని కేకలేసేవారు. గోటితో ఒకసారి మెల్లగా తట్టి చూసేవారు, అంతే.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. పాట ఎత్తే మనిషి ఒక్కరే ఉంటారు. ఆ మనిషి మొదటి లైను ఒంటరిగా పాడాక మిగతావాళ్ళు అందుకుంటారు. నా పద్దెనిమిదో ఏట మాస్టారు ఆ చోటు నాకిచ్చారు. భయంతో నా గొంతు బయటికి రాలేదు. ఆయన వెనకనుంచి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏటమ్మాయ్, గొంతెక్కడ దాస్తన్నావ్? మైకు ముందు దాసుకోకు. ఎనకాల నానున్నాను కదా."

ఆ మాటని అప్పుడు ధైర్యం అనుకున్నాను. తర్వాత తర్వాత బెదిరింపేమో అని కూడా అనుకున్నాను.

ఆరేళ్ళ కిందట నాకు థైరాయిడ్ ఆపరేషను అయింది. గొంతు కొన్నాళ్ళు బొంగురుగా ఉండొచ్చు, మెల్లగా సర్దుకుంటుందని డాక్టరు చెప్పారు. సర్దుకుందనే నేను నమ్మాను. మూడు నెలల తర్వాత చర్చికి వెళితే, నా చోట స్టాండు ఉంది, మైకు ఉంది, వైరు మాత్రం మైకులన్నీ కలిపి పెద్ద స్పీకర్లకి పంపే మిక్సరు బోర్డులోకి పోవడం లేదు. పక్కనే నేల మీద, స్టూలంత ఎత్తున్న నల్లటి స్పీకరు డబ్బాలోకి, గిటారు యాంపులోకి పోతోంది. అది మాస్టారి సొంతం. కుర్రతనంలో గిటారు వాయించేవారట. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, స్కూటరు ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చేవారు.

గిటారు కోసం చేసిన డబ్బాలో మనిషి గొంతు పెడితే ఎలా ఉంటుందో ఎప్పుడైనా విన్నారా? దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. సన్నటి మెరుపులన్నీ పోయి లావుపాటి శబ్దం మాత్రం బయటికొస్తుంది. అదే ఏడాది మాస్టారి ఇంటికి కొత్తకోడలు వచ్చింది. ఆ పిల్లా పాడుతుంది. ఆ పిల్ల మైకు మిక్సర్లో, నా మైకు డబ్బాలో. ఇంక నాకు వేరే సాక్ష్యం కావాలా?

అడిగేశాను.

"మాస్టారూ, అందరిదీ పెద్ద స్పీకర్లో వస్తోంది. నాకొక్కదానికే ఈ డబ్బా ఎందుకండీ?"

"నాలుగో సాకెట్టు కాలిపోనాదమ్మా. నానేటి సేత్తాను?"

చూపించారు కూడా. మిక్సరు వెనక నాలుగో సాకెట్ మీద, దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టరు అడ్డంగా అతికించి ఉంది. దాని మీద పెన్నుతో 'పాడైనది' అని ఆయన గుండ్రటి రాత.

"మా తమ్ముడికి తెలిసిన మెకానిక్ ఉన్నాడు, బాగు చేయిస్తాను."

"వొద్దొద్దు. పాత బోర్డు, ముట్టుకుంటే మిగతా మూడూ పోతాయి. ఉన్నదాంతోనే పాడీమ్మా."

అంత తొందరగా వద్దన్న మనిషిని నమ్మేదెలా? ఇంటికెళ్ళి మా ఆయనతో చెబితే, "నీకెందుకే అయన్నీ? దేవుడికి ఇనబడతాదా నేదా?" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మామూలుగా నాకు వంత పాడే మనిషి. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

యాంపు ముందు భాగంలో వరసగా నాబులు ఉండేవి. గొంతులో పదును పెంచేది ట్రెబుల్ అనే నాబు. దాన్ని పూర్తిగా సున్నాకి తిప్పేసి, కదలకుండా దాని మీద కూడా తెల్ల ప్లాస్టరు వేశారు. ఎందుకని అడిగితే, "పెంచితే కీసుమంటాదమ్మా" అన్నారు. అబద్ధం కాదు, అలాంటి డబ్బాలు మైకు పెడితే కూత పెడతాయి. కానీ సున్నా దాకా తిప్పాలా? ప్రతి ఆదివారం పాటకి లేచే ముందు, ఎవరూ చూడకుండా గోటితో ఆ ప్లాస్టరు మూల గీకేదాన్ని. కొంచెం లేచేది. మళ్ళీ ఆదివారానికి చూస్తే బుద్ధిగా అతికి ఉండేది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు, నేనూ గీకడం మానలేదు.

ఒక శుక్రవారం ఆఫీసు తొందరగా వదిలారు. చర్చికి వెళితే లోపలినుంచి నా గొంతే వినపడింది. మాస్టారు ఒక్కరే నేల మీద కూర్చుని, తన ఫోన్లో రికార్డు చేసుకున్న నా పాటని మైకు దగ్గర పెట్టి, యాంపుకి చెవి ఆనించి, నాబులు అటూ ఇటూ తిప్పుతున్నారు. నన్ను చూడగానే ఫోన్ ఆపేశారు. దొంగతనం చేసి దొరికిపోయిన మొహం పెట్టారు. నా గొంతుని ఎంత తొక్కితే ఎంత తగ్గుతుందో లెక్క చూసుకుంటున్నారు అనుకున్నాను. మీరైతే ఏమనుకునేవారు?

అలాగని ఆయన నన్ను చిన్నచూపు చూశారా అంటే, అదీ లేదు. సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఒక గృహప్రవేశ ప్రార్థనకి ఆ యాంపుని నా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాం. డాబా మీద పాడాను. దిగి వస్తుంటే ఆ ఇంటి పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "ఎంత మెత్తటి గొంతమ్మా" అంది. మాస్టారు పక్కకి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. అద్దాల మీద దుమ్ము ఉందేమో అనుకున్నాను. మా గాజువాకలో అన్నిటి మీదా దుమ్మే కదా.

పోయిన ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. మాస్టారి భార్య నా రెండు చేతులూ పట్టుకుని, "ఆయన పాట నువ్వే ఎత్తాలమ్మా" అన్నారు. ఎత్తుతాను, కానీ డబ్బాలో కాదు, అనుకున్నాను. కోడలు వచ్చినవాళ్ళకి కుర్చీలు చూపిస్తోంది. నేను మిక్సరు వెనక్కి వెళ్ళి, నాలుగో సాకెట్ మీది ప్లాస్టరు పీకేశాను. వైరు గుచ్చాను. మైకుని గోటితో తట్టాను.

ఠక్, అని హాలు మొత్తం మోగింది.

సాకెట్టు నిక్షేపంగా ఉంది. ఆరేళ్ళ నా అనుమానం నిజమైంది. కాగితం మీద ఒకటి, లోపల ఇంకొకటి. పోయిన మనిషి ఫొటోకి దండ వేసి ఉందని కూడా చూడకుండా, 'ఇదిగో, దొరికారు మాస్టారూ' అని మనసులో అనేశాను. పాట ఎత్తాను.

మొదటి లైనులో పై స్థాయికి వెళ్ళేసరికి, తుప్పుపట్టిన గేటు తీసిన చప్పుడు వచ్చింది. స్పీకర్ అనుకుని ఆగాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ అదే. సగం స్వరం, సగం ఒట్టి గాలి, మధ్యలో జీర. ఆ స్పీకర్లకి ఏ దోషమూ లేదు. అది నా గొంతు. ఇంట్లో ఫోన్లో వినపడినప్పుడు ఫోనుదే తప్పనుకున్నాను. ఆరేళ్ళుగా నా గొంతు అలాగే ఉంది.

హాల్లో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. అదే నన్ను చంపేసింది. మా ఆయన తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

కోడలు మెల్లగా వచ్చి నా పక్కన వంగింది. మిక్సరులోంచి వైరు తీసి, మూలనున్న యాంపు ముందుకి లాగి అందులో గుచ్చింది.

"మావయ్య నీకు సెప్పొద్దన్నారక్కా," అంది గొణుగుతున్నట్టు. "ఆపరేషనయ్యాక నిన్ను మాన్పించీమని కమిటీవోళ్ళు అన్నారు. పాట తీసేస్తే ఆ పిల్ల బతకదు అని మావయ్య దెబ్బలాడారు. ఈ డబ్బాలో జీర ఇనబడదు, మెత్తగా వస్తాదని ఆయనే ఎతికి పట్టుకున్నారు."

సిగ్గేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది, చెప్పొచ్చు కదా అని. చెబితే నేను పాడేదాన్నా? పాడను. అది ఆయనకి తెలుసు. నా అనుమానమంతా తన మీదికి రానిచ్చారు, నా గొంతు మీదికి మాత్రం పోనివ్వలేదు. ఆరేళ్ళు ప్రతి వారం నా మొహం చూస్తూ ఆ నింద మోశారు. వందనాలు మాస్టారూ. ఆలస్యంగా చెబుతున్నాను.

ఇంకెవరెవరికి తెలుసో అని హాలంతా ఒకసారి అనుమానంగా చూశాను. ఆ బుద్ధి మాత్రం పోలేదు. అందరూ నేను పాట ఎత్తితే అందుకుందామని కాచుకుని ఉన్నారు.

మైకు పట్టుకునే ముందు కిందికి వంగాను. ట్రెబుల్ నాబు మీద ప్లాస్టరు మూల లేచి ఉంది, ఆయన పోయే ముందు ఆదివారం నేను గీకిన చోటే. దాన్ని బొటనవేలితో నొక్కి అతికించాను.