పప్పులో లేని ప్రోటీన్

ఆదివారం. మంచినీళ్లు పట్టాను, ఇడ్లీ వేశాను, అమ్మాయి కాళ్లకు మొదటి విడత వ్యాయామం చేయించాను, రెండు బకెట్ల బట్టలు నానబెట్టాను. అవి ఉతకలేదు. ఎదురింటి జువాలజీ మేడమ్ గారు పోయారని వాళ్ల కోడలు మా గేటు దగ్గరకొచ్చి చెప్పింది.

"టీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయారండీ."

వట్లూరులో మా వీధివాళ్లకి ఆవిడ రిటైరైన లెక్చరరు. నాకు మాత్రం, మా అమ్మాయి జబ్బేమిటో అర్థమయ్యే తెలుగులో చెప్పిన ఒకే ఒక్క మనిషి. ఇక ఎవరిని అడగాలో తెలియక ఇది రాస్తున్నాను.

అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్లుగా కాళ్లలో బలం తగ్గిపోతోంది. డాక్టరు గారు చెప్పింది నేను ఏడుస్తూ సగం వినలేదు. ఇంటికొచ్చి రిపోర్టు చూస్తే అర్థమైనవి రెండే మాటలు: ప్రోటీన్, లోపం. నోటుపుస్తకంలో గళ్లు గీసి, పూటకి ఎన్ని గ్రాముల ప్రోటీన్ కడుపులోకి వెళ్లిందో రాయడం మొదలుపెట్టాను. ముద్దపప్పు, పాలలో ప్రోటీన్ పొడి, ఆకివీడులో చేపల చెరువున్న మా తమ్ముడు పంపే శీలావతి చేప. పిల్ల వద్దంటే ముక్కు మూసి పెట్టాను. కక్కితే మళ్లీ పెట్టాను. "నువ్వు తినకపోబట్టే ఇలా అయ్యావు" అన్నాను. ఏడు నెలలు.

"ఏమ్మా, రోజూ ఆ పిల్ల ఏడుపేంటి?" అంటూ ఒకరోజు మేడమ్ గారు కర్ర పట్టుకుని వంటింట్లోకే వచ్చేశారు. పుస్తకం చూశారు. రిపోర్టు చూశారు.

"ప్రోటీన్ అంటే పప్పొకటే కాదమ్మా. ఇది ఒంట్లో తయారయ్యేది. ఎంత చిన్నదంటే, కణం మధ్యనుండే కేంద్రకంలోకి ఎవరినీ అడక్కుండా వెళ్లిపోతుంది."

"వెళ్తోందిగా మేడమ్ గారూ, మరి లోపం ఏంటండీ?"

"మీ తమ్ముడు చెరువు తూముకి వల కడతాడా?"

"కడతాడండి, బయటి చేపలు రాకుండా."

"చీమంత చేపపిల్లలు ఆ కంతల్లోంచి వచ్చేస్తాయి గదా. పెద్ద చేప రావాలంటే ఎవరో ఒకరు దాటించాలి. పెద్ద ప్రోటీన్లకి అలా దగ్గరుండి దాటించేవి వేరే ఉంటాయి. చిన్నవాటికి ఆ అవసరం లేదు. కానీ వచ్చిన కంతలోంచే బయటికీ పోగలవు. మరి లోపల ఎలా నిలుస్తాయి?"

"గుర్రపుడెక్క మొక్కల వేళ్లలో దూరి ఉంటాయండి."

"అదీ! లెక్చరరు నువ్వా నేనా?" అని నవ్వారు. తర్వాత నవ్వు తగ్గించి, "లోపల పట్టుకోడానికి ఏదో ఉండాలి. మీ పిల్లలో ఆ ప్రోటీన్‌కి పట్టు చాలదు, పుట్టుక నుంచే. వెళ్తుంది, జారి వచ్చేస్తుంది. లోపల పని అలాగే ఉండిపోతుంది" అన్నారు.

"పట్టు వచ్చే దారి ఉందాండీ?"

తెలియదనో లేదనో చెప్పే ముందు ఆవిడ కళ్లజోడు తీసేవారు. ఆ రోజూ తీశారు.

"నాకు తెలిసి ఇప్పటికి లేదమ్మా."

అబద్ధమైనా చెప్పలేదని ఆవిడ మీద కోపం వచ్చింది. "లేనిది ఉందంటే రేపు నా మొహం చూడవు" అన్నారు, నా మనసులోది విన్నట్టే.

నోటుపుస్తకం ఆపేశాను. కానీ తర్వాత ఎప్పుడు కనిపించినా మేడమ్ గారిది ఒకటే ప్రశ్న: "తను తినకపోవడం వల్ల కాదని పిల్లకి చెప్పావా?"

"చెప్తానండీ" అనేదాన్ని. చెప్పలేదు. తప్పు తిండిలో ఉన్నంతకాలం తిండితో బాగుపడుతుందన్న ఆశ ఉండేది. అది కూడా తీసేస్తే నా చేతిలో ఏం మిగులుతుంది?

ఇవాళ వాళ్లింటి నుంచి వచ్చి తలస్నానం చేసి, అమ్మాయికి అన్నం పెట్టి పక్కన కూర్చున్నాను.

"నువ్వు తినకపోవడం వల్ల కాదమ్మా ఇది. నేనే తెలీక అన్నాను."

నా వంక చూసింది. "అంటే తిన్నా తగ్గదా?"

"తగ్గదు."

పళ్లెంలో ఉన్న కోడిగుడ్డు నా వైపు జరిపింది.

"అయితే ఇది నువ్వు తినెయ్, అమ్మా."

మేడమ్ గారికి నేను బాకీ పడ్డది ఆ ఒక్క మాటే. ఇవాళ్టితో తీరింది. గుడ్డు మాత్రం సగం కొరికి, మింగలేక, నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.