కొట్టింది ఆయన కాదు

చెయ్యని తప్పుకు ఒక మనిషి నా నోటిమాట మీద జైలుకు పోయాడు. ఆ బరువు ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాది కర్నూలు జిల్లాలో నాపరాళ్ళ వ్యాపారం. బెంగళూరుకు చిన్న విమానం నడపడం మొదలుపెట్టగానే తెగ సంబరపడ్డాను. పొద్దున పోయి బేరం మాట్లాడుకుని రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చనుకున్నాను. ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. టికెట్లు తక్కువ తెగితే రద్దు. ఎందుకని అడిగితే సాంకేతిక కారణాలట. కారులో పోయినవాడు నాకంటే ముందు చేరి బేరం తన్నుకుపోయేవాడు.

ఆ రోజూ అంతే. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి రద్దు అన్నారు. టికెట్ డబ్బుల సంగతి ఊళ్ళో ఏజెంటు ఆఫీసులో తేల్చుకోమన్నారు. ఇరుకు గది. బల్ల వెనక ఒక యువకుడు. ఎంత అరిచినా నవ్వుతూనే ఉన్నాడు. అలా నవ్వమని వాడికి నేర్పి ఉంటారని ఇప్పుడు తోస్తోంది. అప్పుడు మాత్రం ఆ నవ్వును పగలగొట్టాలనిపించింది.

నా పక్కన అదే విమానం ఎక్కాల్సిన విత్తనాల వ్యాపారి. బుర్రమీసాలు, తెల్ల పంచె. సొంతూరు ఆలూరులో పాత కక్షలు వద్దనుకుని ఆదోనికి మకాం మార్చానని పొద్దున విమానాశ్రయంలో మాటల్లో చెప్పాడు. నేను స్టీలు నీళ్ళ సీసా ఎత్తగానే నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దప్పా. ఆ పిల్లోడేం చేస్తాడు, ఇడ్సిపెట్టు."

విదిలించుకుని ఆ యువకుణ్ణి కొట్టాను. కనుబొమ్మ చిట్లింది. మళ్ళీ కొట్టాను. ఈసారి కంటిమీద. వాడు కూలిపోయాడు. నిజం చెప్పాలా? ఆ క్షణం నాకు హాయిగా ఉంది.

ఆయన బల్ల దూకి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను కొట్టినప్పుడు వరసలో వెనకున్నవాళ్ళకు మా ఇద్దరి వీపులే కనిపించాయి. పోలీసులు వచ్చేసరికి ఆయన చొక్కా నిండా రక్తం. కొట్టిందెవరని ఎస్సై అడిగాడు.

ఆయన నావైపు తిరిగి, "నువ్వే చెప్పప్పా," అన్నాడు. నేను ఒప్పుకుంటానని నమ్మాడు.

"ఈయనే సార్," అన్నాను.

ఇస్త్రీ చొక్కా, భుజాన ల్యాప్‌టాప్ సంచీ ఉన్న నన్ను ఎవరు అనుమానిస్తారు? ఆలూరు కక్షల్లో వినబడే ఆయన ఇంటిపేరు చెవిన పడగానే ఎస్సైకి ఇంకేమీ అడగాలనిపించలేదు. కొట్టింది తాను కాదని ఆయన అరుస్తుంటే మోకాళ్ళ మీద లాఠీ విరిగేలా కొట్టారు. జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. సీమవాళ్ళంటే వేటకొడవళ్ళేనా అని బయటివాళ్ళతో పోట్లాడే నేను, అదే ముద్ర ఆయన మీద వేసి, దాని చాటున నిలబడ్డాను.

యువకుడికి ఒక కన్ను పోయింది. ఏమీ గుర్తులేదన్నాడు. కోర్టులో నేను మళ్ళీ అదే అబద్ధం చెప్పాను. భయపడే చెప్పానా? లేక, మొదటిసారి అంత తేలిగ్గా నమ్మారు కదా అని చెప్పానా? ఎంత తవ్వుకున్నా రెండోదే నిజమనిపిస్తోంది. శిక్ష పడ్డాక ఆదోనిలో ఆయన దుకాణం మూతపడింది. పిల్లలు ఆలూరు వెళ్ళిపోయారని, ఆయన వద్దనుకున్న ఆ కక్షల మధ్యకే చేరారని విన్నాను.

పోలీస్ స్టేషన్ ముందునుంచి ఎన్నిసార్లు పోయానో. కారు ఒక్కసారీ ఆపలేదు. ఇంత రాసి కూడా నా పేరు రాయలేదు, చూశారు కదా. అయినా ఇన్నేళ్ళకు ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు.