గరికలంక నర్సమ్మ సభలో అడిగిన మాట

శౌరమ్మ కోపిష్టి మనిషి. గరికలంకలో ఎవరినడిగినా ఆ మాటే చెప్పేవారు. పురిటి గదిలో కుంపటి పెట్టి, తలుపులు బిగించి, బాలింతకు ఊపిరాడకుండా చేసే అత్తగార్లను తిట్టేది. బొడ్డు కోయడానికి కొడవలి పట్టుకొచ్చిన మంత్రసానిని తిట్టేది. నొప్పులు మొదలైన మర్నాటికి గానీ కబురు చెయ్యని మగవాళ్లనైతే చెప్పనే అక్కర్లేదు. తిడుతూనే నీళ్లు కాచేది, తిడుతూనే బిడ్డను బయటికి తీసేది. ఆ తిట్లు వినపడకపోతే ఆడవాళ్లకు భయం వేసేది. ఆమె నోరు మూసిందంటే కాన్పు కష్టంగా ఉందని అర్థం.

ఆమె పుట్టింది అవతలి గట్టు మీది కతోలిక పేటలో. మిషనాసుపత్రి సిస్టర్ల దగ్గర ఆయాగా చేరి, అక్కడే చదువుకుని, ప్రభుత్వ నర్సు ఉద్యోగం సంపాదించింది. భర్త సొలొమోను గరికలంకలోనే బడిపంతులు. గరికలంక చుట్టూ కృష్ణే. ఎటు వెళ్లాలన్నా పడవ ఎక్కాలి. ఏరు దాటితే కరకట్ట, కరకట్ట మీద హెల్త్ సెంటరు, అక్కడో డాక్టరు, ఓ జీపు. అక్కణ్ణుంచి బెజవాడ పద్దెనిమిది మైళ్లు. డెబ్భై ఆరు నాటికి ఊళ్లో బడికెళ్లే పిల్లల్లో సగానికి పైగా శౌరమ్మ చేతుల్లో పడ్డవాళ్లే.

ఆ ఏడాది ఎమర్జెన్సీ. పైనుంచి వచ్చే ప్రతి కాగితంలోనూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్టే. కేసులు తేని నర్సుకు జీతం ఆపేస్తామన్నారు, కొందరికి ఆపారు కూడా. శౌరమ్మ ఎవరి మీద అరవాలో తెలీక ఇంట్లో సొలొమోను మీద అరిచింది. చివరికి పనిలేక తిరుగుతున్న ఇద్దరు కూలీలకు నచ్చజెప్పి సెప్టెంబరు క్యాంపుకు పేర్లు రాయించింది. ఒకడికి పెళ్లయి ఒక్క బిడ్డే. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే రాయించింది.

ఆ క్యాంపు రోజునే రూతుకు కాన్పయింది.

రూతు పాలేరు ఇశ్రాయేలు భార్య, ఇరవై ఏళ్ల పిల్ల. పొద్దున్నే ఆడపిల్లను కంది. బిడ్డ బాగానే ఉంది, మాయ పడలేదు. రక్తం ఆగడం లేదు. శౌరమ్మ దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చింది, పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది, తనకు తెలిసిందంతా చేసింది. ఒక్క తిట్టూ తిట్టలేదు. అరగంట చూసి, "మంచం ఎత్తండి" అంది.

మంచంతో సహా పడవ ఎక్కించారు. ఏరు దాటి కరకట్ట ఎక్కేసరికి తొమ్మిదయింది. హెల్త్ సెంటర్లో డాక్టరు లేడు, క్యాంపుకు వెళ్లాడు. జీపు మాత్రం గుమ్మం ముందే ఉంది. ముందు గుడ్డ బ్యానరు కట్టి ఉంది. లోపల పదిమంది మగవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. అందులో శౌరమ్మ పేర్లు రాయించిన ఇద్దరూ ఉన్నారు. ఆమెను చూసి ఒకడు నమస్కారం పెట్టాడు.

జీపు పక్కన నిలబడి పేర్లు సరిచూస్తున్నాయన తిరుపతిరావు. బెజవాడ ప్లీడరు, కూలీల పక్షాన కేసులు వాదిస్తాడని పేరున్న మనిషి. పేదవాడి రాజ్యం రావాలని ఎక్కడ సభ జరిగినా ఉపన్యాసం ఇచ్చేవాడు. ఎమర్జెన్సీలో ప్రభుత్వ కార్యక్రమాల కమిటీలో సభ్యుడయ్యాడు.

"ప్లీడరుగారూ, వీళ్లని దించండి. ఈ పిల్లని బెజవాడ తీసికెళ్లాలి" అంది శౌరమ్మ.

ఆయన మంచం వైపు చూశాడు. ఆయన మొహం పాలిపోయింది కూడా. కానీ గడియారం వైపూ చూశాడు.

"అమ్మా, పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. పదకొండుకల్లా ఈ పదిమందీ క్యాంపులో ఉండాలి. దింపగానే బండి వెనక్కి పంపిస్తాను."

"అప్పటిదాకా ఇది బతకదండీ!"

"నా చేతుల్లో ఏముందమ్మా? ఆర్డర్లు."

శౌరమ్మ వెళ్లి జీపు ముందు నిలబడింది. రెండు చేతులూ బానెట్ మీద వేసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. ఇద్దరు మనుషులు వచ్చి రెక్కలు పట్టుకుని పక్కకు లాగారు. జీపు వెళ్లిపోయింది. ఆ దుమ్ము రూతు మంచం మీద పడింది.

అరటి గెలల లారీ ఒకటి వస్తుంటే ఇశ్రాయేలు రోడ్డుకు అడ్డంగా పడుకున్నాడు. ఆ డ్రైవరు మారుమాట లేకుండా గెలలు పక్కకు జరిపించి రూతును ఎక్కించుకున్నాడు. బెజవాడలో బందరు రోడ్డు మీద దించాడు. అక్కడికి నాలుగడుగుల్లో డాక్టరు రామకోటేశ్వరరావు నర్సింగ్ హోము. ఆయన ఒకప్పుడు ఆ కరకట్ట సెంటర్లోనే డాక్టరు. ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టుకున్నాడు. శౌరమ్మకు బాగా తెలిసినవాడు. ఆ ధైర్యంతోనే లోపలికి పరిగెత్తింది.

ఆయన బయటికి వచ్చి చూశాడు. కనురెప్ప కిందికి లాగి చూశాడు, నాడి పట్టుకున్నాడు. పక్కనున్న గుమాస్తా, "డిపాజిట్ ఎవరు కడతారు?" అని అడుగుతుంటే వద్దనలేదు. ఇశ్రాయేలు పంచె వైపు, ఆ పంచె మీది బురద వైపు చూశాడు.

"శౌరమ్మా, రక్తం ఎక్కించాలి. ఇక్కడ లేదు. పెద్దాసుపత్రికి తీసుకుపో."

"డాక్టరుగారూ, చెయ్యి పెట్టి మాయ తీసెయ్యండి, ముందు రక్తం ఆగితే చాలు. దణ్ణం పెడతాను. తర్వాత మేమే తీసుకుపోతాం" అంది. నిజంగానే దణ్ణం పెట్టింది.

"చివర్లో తీసుకొస్తే నేనేం చేస్తాను?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

పెద్దాసుపత్రి గేటు కనబడుతుండగా రిక్షాలో శౌరమ్మ ఒళ్లోనే రూతు ప్రాణం పోయింది.

ఆ తర్వాత చాలా రోజులు శౌరమ్మ ఎవరినీ తిట్టలేదు. పని చేసుకుపోయేది. రూతు బిడ్డను ఇశ్రాయేలు తల్లి మేకపాలతో పెంచుతుంటే రోజూ వెళ్లి చూసి వచ్చేది. ఎన్నికలు వచ్చాయి, ఎమర్జెన్సీ పోయింది, ఢిల్లీలో ప్రభుత్వం మారింది. డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ మీద ఉప్పెన వచ్చిపడింది. శౌరమ్మను అక్కడి సహాయ శిబిరాలకు పంపారు. శవాల కంపులో మూడు వారాలు కలరా టీకాలు వేసి, జ్వరంతో ఇంటికి చేరింది.

అందుకే డెబ్భై ఎనిమిది ఫిబ్రవరిలో బెజవాడ నుంచి ఉత్తరం వచ్చింది. గవర్నరుపేటలో చదువుకున్నవాళ్లు పెట్టుకున్న సంఘం ఒకటి వార్షికోత్సవం చేస్తోంది. ఉప్పెన బాధితులకు సేవ చేసిన నర్సుగా శౌరమ్మకు శాలువా కప్పుతారట. అదే వేదిక మీద చర్చ కూడా ఉంది: "ప్రజావైద్యం ప్రభుత్వం బాధ్యతా, ప్రైవేటు బాధ్యతా?" మాట్లాడేవాళ్ల పేర్లు కింద అచ్చువేశారు. ఒకరు డాక్టరు రామకోటేశ్వరరావు. రెండోవారు ప్లీడరు తిరుపతిరావు.

సొలొమోను ఆ కాగితం చదివి భార్య మొహం చూశాడు. "వెళ్లకు" అన్నాడు.

"వెళతాను" అంది.

హాలు నిండిపోయింది. వేదిక మీద చివరి కుర్చీలో శౌరమ్మ. ఇద్దరు వక్తలూ ఆమెకు నవ్వుతూ నమస్కారం పెట్టారు. ప్లీడరు గుర్తుపట్టలేదు. డాక్టరు గుర్తుపట్టి, "బాగున్నావా?" అన్నాడు.

ముందు డాక్టరు లేచాడు. మంచి మాటకారి. "ప్రభుత్వం చేపట్టిన ఏ పని సవ్యంగా జరిగిందో చెప్పండి! ఉచితంగా ఇచ్చేదానికి విలువుండదు. ఇచ్చేవాడికీ ఉండదు, పుచ్చుకునేవాడికీ ఉండదు. ఇంగ్లండులో వైద్యమంతా సర్కారు చేతిలో పెట్టారు. ఏమైంది? చిన్న ఆపరేషనుకు కూడా నెలల తరబడి వరసలో నిలబడుతున్నారు. నలుగురు డాక్టర్లు పోటీపడితేనే రోగికి మంచి వైద్యం. సోషలిజం పేరుతో మమ్మల్ని గుమాస్తాల్ని చెయ్యకండి!" అన్నాడు. ముందు వరసల్లో చప్పట్లు మోగాయి.

తర్వాత ప్లీడరు. "రోగం సరుకు కాదు, రోగి బేరం కాదు! రష్యాలో మారుమూల పల్లెలో కూడా డాక్టరున్నాడు. అక్కడ ఏ తల్లీ వైద్యం అందక చనిపోదు. బ్యాంకుల్ని జాతీయం చేశాం, బొగ్గు గనుల్ని జాతీయం చేశాం, నర్సింగ్ హోముల్ని ఎందుకు చెయ్యకూడదు? పెట్టుబడిదారీ వ్యవస్థ శవం మీద కూడా లాభం చూస్తుంది!" వెనక వరసలు హోరెత్తాయి.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు చమత్కారాలు విసురుకున్నారు. జనం నవ్వారు. వాళ్లూ నవ్వుకున్నారు. 'ఏ తల్లీ' అన్న దగ్గర శౌరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ నవ్వులు మొదలయ్యాక ఇక తమాయించుకోలేకపోయింది.

అధ్యక్షుడు శాలువా విప్పి ఆమె పేరు పిలిచాడు. ఆమె లేచి శాలువా వైపు కాక మైకు వైపు నడిచింది.

"అయ్యా, నేను రష్యా చూళ్లేదు. ఇంగ్లండూ చూళ్లేదు. గరికలంక రేవు చూశాను. అక్కణ్ణుంచి ఒక పిల్లని మంచం మీద మోసుకొచ్చాం. దాని పేరు రూతు. ప్లీడరుగారూ, కరకట్ట మీద జీపు ముందు నన్ను లాగించేశారే, జ్ఞాపకం ఉందా?"

తిరుపతిరావు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఏ తల్లీ చావదన్నారు. ఆ తల్లి మీ కళ్లముందే మంచం మీదుంది. సర్కారు బండి, సర్కారు పెట్రోలు, సర్కారు డ్రైవరు. అన్నీ ఉన్నాయి. మనిషిని ఎక్కించుకోవడం తప్ప! టార్గెట్టు ఎక్కించుకుని పోయింది మీ బండి."

"అదేనండీ నేను చెబుతున్నది!" అన్నాడు డాక్టరు, కుర్చీలో ముందుకు జరిగి. "ప్రభుత్వం చేతిలో పెడితే..."

"మీరు కూర్చోండి డాక్టరుగారూ!" ఆమె గొంతు హాలు వెనక గోడకు తగిలింది. "మీ గుమ్మంలో దణ్ణం పెట్టాను. కాదనండి! చెయ్యి పెడితే అయిదు నిమిషాల పని. రక్తం లేదన్నారు. ఆ మాట నిజమే. కానీ ముందు దాని మొగుడి పంచె చూశారు, ఆ తర్వాతే రక్తం లేదన్నారు."

"సిస్టర్, ఆవేశంతో మాట్లాడుతున్నావు. నేను చేర్చుకున్నా ఆ కేసు బతికేది కాదు."

"బతికేది కాదేమో! ప్రయత్నం చేసి చచ్చిపోతే మీ కాళ్లకి మొక్కి పోయేవాళ్లం. ఉచితంగా వచ్చేదానికి విలువుండదన్నారు. మీ డాక్టరు చదువు ఎక్కడ చదివారండీ? గవర్నమెంటు కాలేజీలో కాదూ? రూతులాంటివాళ్లు నాట్లేసిన వరి మీద శిస్తు కట్టారు కదా ఆసాములు, ఆ డబ్బుతో కాదూ? మరి మీ చదువుకీ విలువ లేదా?"

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె అటు తిరిగింది.

"చప్పట్లు కొట్టకండి. ఆ జీపులో పదిమందిలో ఇద్దరు నేను ఎక్కించినవాళ్లే. నా జీతం ఆగిపోతుందని ఎక్కించాను. ఆ బండి నిండడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. అది ఏ పాదిరిగారి దగ్గర చెప్పుకున్నా పోదు."

మళ్లీ వేదిక మీది ఇద్దరి వైపు తిరిగింది.

"ఎవరు చెయ్యాలని కదా మీ చర్చ? గవర్నమెంటే చెయ్యాలి. నేను అదే అంటాను. డాక్టరుగారి గుమ్మంలో నాకు దణ్ణం పెట్టడం తప్ప ఇంకో దారి లేదు. ఆ జీపు ముందు మాత్రం అడ్డంగా నిలబడ్డాను. అది మాది గనక నిలబడ్డాను. మాదైన బండిని మాక్కాకుండా చేసింది మీరు, ప్లీడరుగారూ. అందుకే ఆయన మీద కన్నా మీ మీదే నాకు ఎక్కువ మంట."

శాలువా అధ్యక్షుడి చేతుల్లోనే ఉండిపోయింది. ఆమె మెట్లు దిగి, జనం మధ్యగా బయటికి నడిచి, బందరు రోడ్డు మీద బస్సెక్కింది.

పదిహేను రోజులకు మెమో వచ్చింది. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా బహిరంగ సభలో ప్రభుత్వాన్ని విమర్శించినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. సొలొమోను మర్యాదగా, వినయంగా ఒక జవాబు రాసి ఇచ్చాడు. శౌరమ్మ చదివి, చింపేసి, తన చేత్తో రాసింది: "నేను చెప్పింది అబద్ధమైతే శిక్షించండి. నిజమైతే ఆ జీపు సంగతి విచారించండి." రెండో వాక్యానికి జవాబు రాలేదు. మొదటి వాక్యానికి మాత్రం బదిలీ వచ్చింది.

కబురు తెలిసి గరికలంక ఆడవాళ్లు పాతికమంది పడవలెక్కి వెళ్లి పంచాయతీ సమితి ఆఫీసు ముందు కూర్చున్నారు. రూతు బిడ్డను ఎత్తుకుని ఇశ్రాయేలు వాళ్ల ముందు కూర్చున్నాడు. బదిలీ ఆగలేదు. సాయంత్రానికి సమితి ప్రెసిడెంటు బయటికి వచ్చి, ఇకమీదట కాన్పు కేసు వస్తే ఏ క్యాంపు ఉన్నా సరే జీపు దానికే ఇవ్వాలని కాగితం రాసి సంతకం పెట్టాడు. ఇశ్రాయేలు ఆ కాగితాన్ని తీసుకుపోయి హెల్త్ సెంటరు గోడకు మైదాతో అంటించాడు. అది చూసి శౌరమ్మ సంతోషించలేదు. "రెండేళ్ల కిందట రాయడానికి వీడి చేతికి ఏం రోగం?" అంది.

కొత్త చోటు కొండపల్లికి అవతల, అడవి అంచున మెట్ట ఊరు. సొలొమోను గరికలంకలోనే ఉండిపోయాడు. ఆమె ఒక్కతే ట్రంకుపెట్టెతో బస్సు దిగింది. నర్సు గదికి తాళం ఉంది. తాళంచెవి పంచాయతీ ప్రెసిడెంటు ఇంట్లో ఉందన్నారు. వెళ్లి అడిగితే ఆయన అరుగు మీద పడుకునే, "ఇప్పుడేం తొందరమ్మా? అందులో మా ఎరువు బస్తాలున్నాయి. పంట అయ్యాక చూద్దాం" అన్నాడు.

"తాళంచెవి ఇస్తారా, తాళం బద్దలు కొట్టమంటారా?"

ఆయన లేచి కూర్చున్నాడు. అలా అడిగే నర్సును ఆయన ఎన్నడూ చూడలేదు. తాళంచెవి తెప్పించి ఇచ్చాడు.

మధ్యాహ్నానికి బస్తాలన్నీ రోడ్డు మీద ఉన్నాయి. మొయ్యడానికి ఎవరూ ముందుకు రాకపోతే మొదటి బస్తా ఆమే ఈడ్చింది. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు కొంగులు బిగించి చెయ్యి వేశారు. అందులో ఒకామెకు నెలలు నిండాయి.

"నువ్వు బస్తాలు ఎత్తుతావటే! బుద్ధుందా నీకు? ఎన్నో నెల? ఎవరికైనా చూపించుకున్నావా? మీ అత్త ఏం చేస్తోంది?" అని శౌరమ్మ ఆ వీధి అదిరేలా తిట్టడం మొదలుపెట్టింది.