బావ విడువని తొక్కు

అక్క భర్త, మా బావ, పోయిన కబురు నాకు బాన్సువాడ దవాఖాన గేటు ముందు అందింది. ఆ పొద్దున్నే నా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. పట్టరాని సంతోషంతో దారిన పోయేవాళ్లకల్లా పేడాలు పంచుతున్నాను. మా బీర్కూర్ బస్సు కండక్టరు పేడా అందుకోలేదు.

"మీ బావ చెరుకు చేన్ల కూలిండే. ఇగ లేడు" అన్నాడు.

ఇప్పటికీ మనవరాలి ముఖం చూస్తే కడుపు నిండిపోతుంది. ఆ వెంటనే బావ మీద ఒళ్లు మండుతుంది.

నా బిడ్డను సైకిలు మీద బడికి తీసుకుపోయింది ఆయనే. నాలుగక్షరాలు వచ్చాయంటే ఆయన పుణ్యమే. అంత నవ్వించే మనిషికి నిద్ర కరువైంది, ఊరికే కసురుకోసాగాడు. దవాఖానలో చూసి బీపీ ఎక్కువుందన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. అక్క ఆయనకు వేరే గిన్నెలో చప్పిడి కూర వండింది. దాంతో మనిషి మాటే మానేశాడు.

"గీ గిన్నె చూస్తె అంటురోగమొచ్చినోని లెక్కనిపిస్తది బామ్మర్ది" అన్నాడొకనాడు.

అది విని అక్క ఇంటిల్లిపాదికీ చప్పిడే వండింది. అందరితో కలిసి తినేసరికి బావ మళ్లీ నవ్వాడు. నిద్ర పట్టింది, బీపీ దిగింది.

అంతలో చెరుకు కోతలొచ్చాయి. చేలో కూలివాళ్ల సద్దిలో ఉప్పూ కారం దట్టించిన మామిడి తొక్కు ఉంటుంది కదా. అది తింటూ బావ ఒకసారి నా కళ్లబడ్డాడు.

"డాక్టరు ఉప్పు వద్దన్నడు. తొక్కు వద్దన్నడా?" అన్నాడు, వేళ్లు నాకుతూ.

"తొక్కుల ఏమేస్తరు బావా, చక్కెరనా?"

"నువ్వెప్పుడు డాక్టరువైతివి?"

"బిడ్డ పురుడు దాకనన్న బంద్ పెట్టు."

"ఫికర్ చెయ్యకు. తొట్టెల నేనే కడత."

ఎంత చెప్పినా ఇదే వరస. కూర చప్పగా తిన్నాడు గనక పథ్యం చేస్తున్నట్టే ఆయన లెక్క. గోడకు చెప్పుకున్నా వినేదేమో.

బావ పోయిన మూడో రోజున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో వడ్డిస్తే కాకై వచ్చి తింటారని మా నమ్మకం. అక్క అన్నం, చప్పిడి పప్పు పెట్టింది. ఎండెక్కినా కాకి రాలేదు.

"జెర్రంత తొక్కు ఎయ్యి వదినా. అన్న పాణం దాని మీదనే ఉంటది" అంది బావ చెల్లెలు.

"ఎయ్య. గిప్పుడన్న నా మాట విననియ్యి."

 కాసేపటికి ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది. కిందికి దిగదు, ఎగిరిపోదు, మెడ వంచి పప్పు వైపే చూస్తోంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా రెండడుగులు వెనక్కి జరిగి, దానికి చోటిచ్చింది.